పేర్లు, నామవాచకాలు, "ఇది ఎవరిది" అనే మాట: మా అంగట్లో ఎక్కువగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నాకు చిన్న డీటీపీ అంగడి ఉంది. పగలంతా పెళ్ళి కార్డులు, అర్జీలు, అంగళ్ళ బోర్డులు టైపు చేస్తా, సాయంత్రం తొమ్మిదీ పదీ చదివే పిల్లలకి తెలుగు గ్రామరూ ఇంగ్లీషు గ్రామరూ రెండూ చెప్తా. పొద్దున కార్డు వేయించుకోను వచ్చినోళ్ళు అడిగేదీ, సాయంత్రం పిల్లోళ్ళు అడిగేదీ చాలాసార్లు ఒకటే ప్రశ్న అవతా ఉంటుంది, మనిషి పేరు పక్కన ఇంకో మాట పెట్టి "ఇది వాళ్ళది" అని చెప్పాలంటే పేరు ఎట్ల రాయాల అని. నోటితో చెప్పి చెప్పి ఇంక ఒకచోట రాసి పెడదామని ఇది రాస్తా ఉండా.

సంజ్ఞావాచకం, జాతివాచకం అంటే ఏంది, తేడా ఒక్క ముక్కలో చెప్పండి?

ఒక్క మనిషికో ఒక్క ఊరికో ఒక్క ఏటికో పెట్టుకున్న పేరు సంజ్ఞావాచకం, అట్లాంటివాటన్నిటికీ కలిపి వాడే మాట జాతివాచకం. మునెమ్మ సంజ్ఞావాచకం, ఆడమనిషి జాతివాచకం. స్వర్ణముఖి సంజ్ఞావాచకం, ఏరు జాతివాచకం. చంద్రగిరి, కోట కూడా అంతే. "ఏ ఊరు మీది?" అని అడిగితే ప్రశ్నలో ఉండే ఊరు జాతివాచకం, మీరు చెప్పే జవాబు సంజ్ఞావాచకం, ఇది గుర్తుంటే చాలు.

ఇంగ్లీషులో పెద్దక్షరం చూసి కనుక్కోవచ్చు, తెలుగులో ఎట్ల కనుక్కునేది?

తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని లేవు కాబట్టి కళ్ళతో చూసి కనుక్కోలేం, వాక్యంలో ఆ మాట ఎట్ల నడుస్తా ఉందో చూడాల. నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఏందంటే ముందర "ఒక" పెట్టి చూడండి. ఒక ఊరు, ఒక కోట, ఒక గుడి అని నిమ్మళంగా అనొచ్చు, ఒక చిత్తూరు అనలేం. మనిషి పేరుకైతే "మునెమ్మ అని ఒకామె" అంటాం గాని "ఒక మునెమ్మ" అని ఊరికే అనం. ఇంకోటి, చివర లు పెట్టి చూడండి. కోటలు, గుళ్ళు, ఊర్లు సులభంగా వస్తాయి. పేరుకి లు పెడితే మాత్రం ఆ పేరు కాసేపు జాతివాచకం పని చేస్తుంది, "మా క్లాసులో ముగ్గురు రమేష్‌లు ఉండారు" అంటే అప్పుడు రమేష్ అనేది ఒక్క మనిషి కాదు, ఆ పేరుండే పిల్లోళ్ళందరూ.

"కొండకి పోయొస్తా" అంటే తిరుపతిలో ఏ కొండ అని ఎవరూ అడగరు. మరి ఇక్కడ కొండ జాతివాచకమా, సంజ్ఞావాచకమా?

ఈ ప్రశ్న అడిగిన పాప పదో తరగతి, నాకు చాలా సంతోషం అయింది ఆ రోజు. మాట పుట్టుకకి అది జాతివాచకమే, కానీ మన ఊళ్ళో వాడేటప్పుడు సంజ్ఞావాచకం మాదిరే నడుస్తుంది. చుట్టూ ఎన్ని కొండలున్నా "కొండ మీద రూము దొరికిందా" అంటే తిరుమలే. ఇదే మాట పుంగనూరులోనో పలమనేరులోనో ఎవరన్నా అంటే సందర్భాన్ని బట్టి వాళ్ళ ఊరి పక్కనుండే కొండ కూడా కావచ్చు.

శ్రీవారు అనే మాట కూడా అట్లాంటిదే. "మా శ్రీవారు ఊళ్ళో లేరు" అని ఒకామె అంటే వాళ్ళాయన. అదే "శ్రీవారి దర్శనం అయిందా" అంటే వెంకటేశ్వరస్వామి. మాట ఒకటే, పక్కన "మా" చేరేసరికి జాతివాచకమై కూర్చుంది. శ్రీవారి మెట్టు అనే పేరు తీసుకోండి, అందులో శ్రీవారు కాస్తా శ్రీవారి అయింది చూడండి, "శ్రీవారు యొక్క మెట్టు" అని మనోళ్ళు ఎవరూ అనలేదు, చివర రు పోయి రి వచ్చింది, అంతే, ఎవరి మెట్టో తెలిసిపోయింది. అమ్మవారు కూడా ఇంతే. మామూలు రోజుల్లో "అమ్మవారి గుడికి పోతా ఉండాం" అంటే తిరుచానూరు పద్మావతమ్మ, జాతర వారంలో అదే మాట అంటే తాతయ్యగుంట గంగమ్మ.

కవిత, జ్యోతి, రత్నం లాంటివి పేర్లూ అవుతాయి, మామూలు మాటలూ అవుతాయి కదా, చదివేవాళ్ళు తికమక పడరా?

పడతారు, నిజంగానే పడతారు. మగవాళ్ళ పేరైతే క్రియ పట్టిస్తుంది. "రత్నం వచ్చినాడు" అంటే మనిషి, "రత్నం దొరికింది" అంటే రాయి. ఆడవాళ్ళ పేరు దగ్గర ఈ సాయం లేదు, ఎందుకంటే తెలుగులో ఒక్క ఆడమనిషికీ ఒక్క వస్తువుకీ క్రియ ఒకేరకంగా ఉంటుంది, "కవిత వచ్చింది" అన్నా, "పత్రికలో నా కవిత వచ్చింది" అన్నా అదే వచ్చింది. ఇంగ్లీషులో అయితే పెద్దక్షరం తేల్చేస్తుంది. మనం గారు పెట్టి "కవిత గారు వచ్చారు" అని రాస్తే ఆ చిక్కు పోతుంది, మర్యాదా నిలబడుతుంది. "కవిత పుస్తకం" అని రాస్తే కవిత అనే అమ్మాయి పుస్తకమో, కవిత్వం పుస్తకమో తెలీదు, కవిత్వమైతే "కవితల పుస్తకం" అని రాయండి, అమ్మాయిదైతే "కవిత వాళ్ళ పుస్తకం" అని మాత్రం రాయొద్దు, ఎందుకు వద్దో కింద చెప్తా.

"రమేష్ యొక్క ఇల్లు" అని రాయాలా, "రమేష్ ఇల్లు" చాలా?

రమేష్ ఇల్లు చాలు. నేను ఎక్కువగా బాధపడేది దీని గురించే, అందుకే కొంచెం పెద్దగా చెప్తా. బళ్ళో విభక్తులు బట్టీ పట్టిస్తారు, "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్, షష్ఠీ విభక్తి" అని, ఇంగ్లీషు క్లాసులో ఆఫ్ అంటే యొక్క అని చెప్తారు, ఈ రెండూ కలిసి పిల్లోడి చేత "రాము యొక్క పుస్తకం యొక్క అట్ట" అని రాయిస్తాయి. వాడు ఇంట్లో వాళ్ళమ్మతో ఏనాడన్నా అట్ల మాట్లాడినాడా? "రాము పుస్తకం అట్ట చిరిగిపోయింది" అనే అంటాడు. తెలుగులో ఒక పేరు తర్వాత ఇంకో నామవాచకం పెడితే చాలు, మొదటిది రెండోదానికి చెందినట్టే, చిన్నపిల్లలకి కూడా ఎవరూ నేర్పకుండానే ఇది వస్తుంది. పేరులో మారే అక్షరం ఉంటే మారుతుంది, లేకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

యొక్క అసలు వాడకూడదని కాదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో "సదరు ఆస్తి యొక్క సరిహద్దులు" అని రాస్తారు, అక్కడ పొడుగు పేర్లు, సర్వే నంబర్లు వరసగా వచ్చి ఏది దేనికి చెందిందో తప్పిపోయే చోట యొక్క గట్టు మాదిరి నిలబడుతుంది. పెళ్ళి కార్డులో, అంగడి బోర్డు మీద, ఉత్తరంలో దానికి పని లేదు.

పేరులో ఏ అక్షరం మారుతుంది, ఏది మారదు? లెక్క ఏమన్నా ఉందా?

ఉంది, అంత కష్టం కూడా కాదు. పొల్లుతో ఆగే పేర్లు, అంటే రమేష్, కిరణ్, ప్రసాద్ లాంటివి, మారవు. అమ్మ, అయ్య, అప్పతో ముగిసేవి మారవు, మునెమ్మ కోడలు, సుబ్బయ్య చేను, రెడ్డెప్ప బండి. రవి, లక్ష్మి, మునిస్వామి మారవు. డుతో ముగిసేవి డి అవుతాయి, కృష్ణుడు కృష్ణుడి అవుతాడు, తమ్ముడు తమ్ముడి అవుతాడు, దేవుడు దేవుడి అవుతాడు. పాత పద్ధతిలో కృష్ణుని అని రాస్తారు, అదీ తప్పు కాదు, కార్డు మీద బాగానే ఉంటుంది గాని ఒకే కార్డులో ఒకచోట డి, ఒకచోట ని రాయొద్దు. గారు, వారు అనేవి గారి, వారి అవుతాయి.

జాతివాచకాల దగ్గరికొస్తే అసలు రంగు కనిపిస్తుంది. ఇల్లు ఇంటి అవుతుంది, నోరు నోటి, రాయి రాతి, చెయ్యి చేతి, అంగడి అంగటి. మనం రోజూ "అంగట్లో చక్కెర తీసుకురా" అంటాం కదా, ఆ ట ఎక్కడినుంచి వచ్చిందంటే ఇదే. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయ సూరి ఈ ఇ, టి, తి అనే అక్షరాలకి ఔపవిభక్తికాలు అని పేరు పెట్టినాడు, పేరు పెద్దది గాని పని మనకి ఉగ్గుపాలనాడే తెలుసు. ఇప్పుడు చూడండి, ఏరు అనే మాట ఏటి అవుతుంది, ఏటి గట్టు. అదే ఏటికి పేరుంటే, స్వర్ణముఖి గట్టు, ఏమీ మారదు. చిత్తూరులో అయితే నీవా గట్టు. జాతివాచకం వంగుతుంది, సంజ్ఞావాచకం చాలావరకు వంగదు.

సున్నాతో ముగిసే మాటల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. గుర్రం, గుర్రపు బండి. రత్నం అంటే రాయి అయితే రత్నపు ఉంగరం అనొచ్చు. రత్నం అనే మనిషి పెట్టుకున్న ఉంగరమైతే రత్నం ఉంగరం అనే అంటాం, ఆయన్ని ఎవరూ రత్నపు అనరు. ఒక్క పు చాలు, ఉంగరంలో రాయి ఉందో, ఉంగరానికి యజమాని ఉన్నాడో తెలిసిపోతుంది. సుబ్రహ్మణ్యం ఇల్లు, మునిరత్నం పొలం అనేవి కూడా ఇంతే. కానీ కి వచ్చేసరికి పేరు కూడా వంగుతుంది, సుబ్రహ్మణ్యానికి చెప్పినా, మునిరత్నానికి ఇచ్చినా, కాణిపాకానికి పోయినాం. ఈమధ్య పిల్లోళ్ళు సుబ్రహ్మణ్యంకి, కుప్పంకి అంటా ఉండారు, అది మాటల్లో బాగా నడుస్తా ఉంది, రాసేటప్పుడు మాత్రం నాకు సుబ్రహ్మణ్యానికే నచ్చుతుంది.

శ్రీనివాసులు, వెంకటేశులు, ఏడుకొండలు లాంటి పేర్లకి చివర లు ఉంది కదా, దాన్ని ల చేయాలా?

మామూలు బహువచనమైతే లు కాస్తా ల అవుతుంది, పిల్లలు పిల్లల, ఆవులు ఆవుల. మన జిల్లాల్లో శ్రీనివాసులు, చెంగల్రాయులు, ఆంజనేయులు అని పేర్లు ఎక్కువ, ఆ లు గౌరవం కోసం చేరిన బహువచనం. దేవుడి దగ్గర ఇప్పటికీ పాత పద్ధతే, రాములవారి గుడి అంటాం, రాములువారి గుడి అనం. మనుషుల పేర్లలో మాత్రం ఇప్పుడు ఆ లు పేరుకి అతుక్కుపోయింది, దాన్ని కదిలించకుండా శ్రీనివాసులు ఇల్లు, శ్రీనివాసులు గారి ఇల్లు అనే రాయండి.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తా ఉండానంటే మా ఇంట్లోనే జరిగింది. మా పెదనాయన పేరు వెంకటేశులు. ఆయన కొడుకు చదువుకునేటప్పుడు ఒక సర్టిఫికెట్ కోసం చేత్తో అర్జీ రాసిచ్చినారు, అందులో పాత పద్ధతిలో "వెంకటేశుల కుమారుడు" అని ఉంది, భాష ప్రకారం అది తప్పు కాదు. ఆ ఆఫీసులో దాన్ని చూసి కంప్యూటర్లో ఎక్కించినాయన తండ్రి పేరు వెంకటేశుల అని ఎక్కించేసినాడు, చివర ఉ లేదు. మిగతా కాగితాలన్నిట్లో వెంకటేశులు. ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూసే రోజు రెండు పేర్లూ వేరని పక్కన పెట్టినారు, అఫిడవిట్ అని, మళ్ళీ అర్జీ అని, మా అన్న అప్పుడు తిరిగిన తిరుగుడు నేను పక్కనుండి చూసినా. ఒక్క కొమ్ము. అందుకే మా అంగడికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తా, ఫారంలో తండ్రి పేరు అని గడి ఉంటే అక్కడ పేరు పుట్టినప్పుడు పెట్టినట్టు రాయండి, వంగిన రూపం రాయొద్దు, వెంకటేశులు, కృష్ణుడు, అంతే. అర్జీలో వాక్యంగా రాయాల్సి వస్తే "వెంకటేశులు గారి కుమారుడు" అని రాయండి, వంగేదేదో గారు వంగుతుంది, పేరు జోలికి పోకుండా ఉంటుంది.

ఏడుకొండలు అనే పేరు అయితే ఇంకా తమాషాగా ఉంటుంది. "ఏడుకొండలకి పోయినాడు" అంటే శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి ఉన్నాయే, ఆ కొండలకి. "ఏడుకొండలుకి చెప్పినాడు" అంటే ఆ పేరున్న మనిషికి. ఏడుకొండలవాడు అంటే స్వామి. అక్షరం ఒకటి అటు ఇటు అయితే కొండ, మనిషి, దేవుడు మారిపోతారు.

"రమేష్ వాళ్ళ అమ్మ" అంటాం, రమేష్ ఒక్కడే కదా, వాళ్ళ ఎందుకు?

ఇది తెలుగులో నాకు చాలా ఇష్టమైన విషయం. అమ్మ, నాయన, ఇల్లు, ఊరు, ఇవి ఒక్క మనిషి సొత్తు కాదని మన భాష అనుకుంటుంది. రమేష్‌కి అక్కాచెల్లెళ్ళు లేకపోయినా, వాడొక్కడే కొడుకైనా, "రమేష్ వాళ్ళ అమ్మ" అనే అంటాం, ఎందుకంటే ఆమె ఆ ఇంటికంతా అమ్మ. మన సంగతి చెప్పేటప్పుడు "నా అమ్మ" అనకుండా "మా అమ్మ" అంటాం కదా, అదే లెక్క ఇక్కడా. మన వైపు మాటల్లో రెండూ కలిసిపోయి రమేషోళ్ళ ఇల్లు, మునెమ్మోళ్ళ అంగడి, సుబ్బయ్యోళ్ళ చేను అంటాం.

ఎక్కడ వాళ్ళ పెట్టకూడదో కూడా చూడండి. రమేష్ చెయ్యి, రమేష్ తల, రమేష్ జ్వరం, రమేష్ పెన్ను. "రమేష్ వాళ్ళ చెయ్యి విరిగింది" అని ఎవరూ అనరు. ఒంటికి సంబంధించింది, తన ఒక్కడికే చెందింది అయితే పేరు ఒక్కటే చాలు. మధ్యలో కొన్ని ఉంటాయి. రమేష్ బండి అంటే వాడు నడిపే బండి, రమేష్ వాళ్ళ బండి అంటే ఇంట్లో అందరూ వాడేది. అందుకే పైన కవిత వాళ్ళ పుస్తకం వద్దన్నా, ఆ అమ్మాయి చదువుకునే పుస్తకానికి ఇంటిల్లిపాదీ యజమానులు కారు.

బోర్డు రాసేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. ఒక అక్క ఒంటిచేత్తో దోసెల అంగడి పెట్టుకోని ఇరవై ఏండ్లు నడిపింది, బోర్డు వేయించాలని వాళ్ళ కొడుకు వచ్చి "వాళ్ళ" కలిపి రాయమన్నాడు. పొద్దున మూడింటికి లేచి పిండి రుబ్బింది మీ అమ్మ కదా నాయనా, అమ్మ పేరు పక్కన నేరుగా దోసెలు అని పెడదాం, అప్పుడు అంగడి ఆమెది అని తెలుస్తుంది అన్నా. వాడు ఇంటికి పోయి అడిగొచ్చి సరే అన్నాడు. ఆ బోర్డు ఇప్పటికీ ఉంది.

మొగుడు పెళ్ళాల గురించి చెప్పేటప్పుడు వాళ్ళ అనేది మర్యాద కూడా. సుజాత మొగుడు అంటే మొరటుగా ఉంటుంది, సుజాత వాళ్ళాయన అంటే బాగుంటుంది. రమేష్ పెళ్ళాం, రమేష్ వాళ్ళావిడ కూడా అంతే.

ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఈ వాళ్ళ ఏమవుతుంది?

ఎగిరిపోతుంది. ట్యూషన్ పిల్లలు "రమేష్ దేర్ మదర్" అని రాసేస్తారు, తెలుగులో ఆలోచించి మాటకి మాట పెట్టినందువల్ల వచ్చిన తప్పు అది. అక్కడ రమేష్ పక్కన అపాస్ట్రఫీ, ఎస్, ఆ తర్వాత మదర్, అంతే. మా అమ్మ అనేది మై మదర్ అవుతుంది, అవర్ మదర్ అంటే అక్కాతమ్ముళ్ళు కలిసి చెప్తున్నట్టు.

శ్రీనివాస్ పేరే ఎస్‌తో ముగుస్తుంది. ఇంగ్లీషులో ఇంకో ఎస్ పెట్టాలా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. పుస్తకాలు అచ్చేసేవాళ్ళు ఎక్కువమంది అపాస్ట్రఫీ పెట్టి మళ్ళీ ఎస్ పెడతారు, అమెరికా న్యూస్ పేపర్లు చాలావాటిలో ఒట్టి అపాస్ట్రఫీతో ఆపేస్తారు. ఏదో ఒకటి ఎంచుకోని కాగితమంతా అదే రాయండి. నేనైతే ఎస్ పెట్టమనే చెప్తా, నోటితో పలికేటప్పుడు "శ్రీనివాసెస్" అనే పలుకుతాం కాబట్టి.

ఇంకో తప్పు ఎక్కువ కనిపిస్తుంది, ఇంటి గేటు మీద. రెడ్డి కుటుంబం అందరూ అనే అర్థంలో పేరు రాయాలంటే రెడ్డి పక్కన ఊరికే ఎస్ పెట్టాల, అపాస్ట్రఫీ పెడితే ఒక్క రెడ్డిది అని అర్థం వస్తుంది. బేబీ అనే మాటకి చివర వై పోయి ఐ ఈ ఎస్ వస్తుంది గాని మనుషుల పేర్లలో వై అట్లే ఉంటుంది, పేరు స్పెల్లింగు మార్చే హక్కు గ్రామర్‌కి లేదు. రెడ్డి కుటుంబం అందరిదీ అయిన ఇల్లు అని రాయాలంటే ముందు ఎస్, ఆ తర్వాత అపాస్ట్రఫీ.

పెళ్ళి కార్డులో అమ్మ, నాయన ఇద్దరి పేర్లూ ఉంటే గారి రాయాలా, గార్ల రాయాలా?

ఒక్కరైతే గారి, ఇద్దరైతే గార్ల. "శ్రీమతి రాధ, శ్రీ మునిరత్నం గార్ల ద్వితీయ పుత్రిక" అని. గార్ల నచ్చకపోతే "రాధ, మునిరత్నం దంపతుల" అనండి, దంపతులు దంపతుల అయింది, ఇద్దరూ వచ్చేసినారు.

పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు కలిపి "రమేష్, సుజాతల పెళ్ళి" అని రాస్తాం, ల చివరి పేరుకే పెడతాం, అది ఇద్దరికీ వర్తిస్తుంది. సీతారాముల కల్యాణం కూడా ఈ లెక్కే. "రమేష్ పెళ్ళి, సుజాత పెళ్ళి" అని విడివిడిగా రాస్తే రెండు పెళ్ళిళ్ళు అవుతాయి. ఇంగ్లీషులో కూడా ఇదే న్యాయం, ఉమ్మడిది అయితే చివరి పేరుకి ఒక్కదానికే అపాస్ట్రఫీ ఎస్, ఎవరిది వాళ్ళదైతే ఇద్దరి పేర్లకీ.

"ఈ బండి ఎవరిది" అని అడిగితే జవాబులో పేరు ఎట్ల రాసేది?

పేరుకి ది కలపండి, వంగే పేరు అయితే వంచి కలపండి. రమేష్‌ది, మునెమ్మది, కృష్ణుడిది, శ్రీనివాసులుది, రాజుగారిది. వస్తువులు ఎక్కువైతే వి, ఈ చెప్పులు మునెమ్మవి.

మా ఇంటిపేరు చివర ఊరి అని ఉంది, ఊరు అని ఎందుకు లేదు?

చాలా ఇంటిపేర్లు ఊర్ల పేర్లే, "ఫలానా ఊరి వాళ్ళు" అని పిలిచి పిలిచి ఆ వంగిన రూపమే గట్టిపడి ఇంటిపేరు అయింది. నెల్లూరు నెల్లూరి, కొండూరు కొండూరి. పాడుతో ముగిసే ఊర్ల నుంచి వచ్చినవి పాటి అయినాయి. అంటే మీ ఇంటిపేరులో షష్ఠీ విభక్తి తరతరాలుగా కూర్చోని ఉందన్నమాట. తాళ్ళపాక అన్నమాచార్య, తరిగొండ వెంగమాంబ లాంటి పేర్లలో ఊరి పేరు వంగలేదు, ఎందుకంటే తాళ్ళపాక, తరిగొండ అనేవి వంగే మాటలు కావు. చిత్తూరు నాగయ్య గారి పేరులో మాత్రం వంగే మాటే అయినా వంగలేదు, ఇంటిపేరు కాకుండా ఊరి పేరు తెచ్చి ముందర పెట్టినప్పుడు ఈ కాలంలో అట్లే ఉంచేస్తాం. మనం కూడా చిత్తూరు బస్సు, పుత్తూరు కట్టు అనే అంటాం.

వీధుల పేర్లు, తీర్థాల పేర్లు కూడా ఒకసారి చూడండి. తాతయ్యగుంట అంటే తాతయ్య పేరున్న గుంట. కపిలతీర్థం అంటే కపిలుడి తీర్థం, పరీక్షలో విగ్రహవాక్యం అడిగితే "కపిలుని యొక్క తీర్థం" అని రాసి షష్ఠీ తత్పురుషం అనండి, అక్కడ యొక్క రాస్తే మార్కులు వస్తాయి, రాయండి.

మాకు ఇంటిపేరు లేదు, ఒట్టి ఇనీషియల్ ఉంది. అది దేనికి గుర్తు?

నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళం పద్ధతి కలిసి నాయన పేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉండారు. 1960లో తిరుత్తణి అటు మద్రాసు రాష్ట్రానికి పోయి సత్యవేడు వైపు ఇటు ఆంధ్రాకి వచ్చిన సరిహద్దు ఇది, పేర్లు కూడా రెండు పద్ధతుల్లో ఉంటాయి. ఇంటిపేరు అయితే "ఏ ఇంటి", నాయన పేరు అయితే "ఎవరి బిడ్డ", రెండూ చెందినట్టు చెప్పేవే. ఫారం నింపేటప్పుడు ఆ అక్షరాన్ని ఒకచోట విప్పి, ఒకచోట విప్పకుండా రాయొద్దు, మొదటి సర్టిఫికెట్లో ఎట్ల ఉంటే అన్నిట్లో అట్లే రాయండి.

"రమేష్ ఫోటో" అంటే వాడు ఉన్న ఫోటోనా, వాడు తీసిన ఫోటోనా?

మూడూ కావచ్చు, వాడి దగ్గరుండే ఫోటో కూడా. పేరు పక్కన పేరు పెట్టే పద్ధతిలో ఉన్న ఇబ్బంది ఇదొక్కటే. అనుమానం వచ్చే చోట మధ్యలో ఒక క్రియ పెట్టండి, రమేష్ తీసిన ఫోటో, రమేష్ ఉన్న ఫోటో. యొక్క పెడితే ఈ అనుమానం తీరదు, "రమేష్ యొక్క ఫోటో" అన్నా అంతే అస్పష్టం.

జిరాక్స్, లడ్డు లాంటివి ఏ వాచకాలు?

జిరాక్స్ ఒక కంపెనీ పేరు, పుట్టుకకి సంజ్ఞావాచకం, ఇప్పుడు మా అంగడికి వచ్చి "రెండు జిరాక్స్‌లు తీయి అన్నా" అంటారు, లు చేరింది, జాతివాచకం అయిపోయింది. లడ్డు కథ దీనికి ఎదురు. లడ్డు జాతివాచకం, ఏ స్వీటు అంగట్లో అయినా ఉంటుంది, ముందర తిరుపతి చేరేసరికి అది ఒక్కదాని పేరే అయింది, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కాబట్టి బయట ఎవరన్నా బూందీ లడ్డు చేసి ఆ పేరు పెట్టుకోని అమ్మకూడదు. బోర్డు మీద "తిరుపతి లడ్డు" అని వేయమని వచ్చినోళ్ళకి నేను కుదరదని చెప్పి పంపించినా, రెండుసార్లు.

ఫోన్లో రమేష్‌ది అని టైపు చేస్తే ష కింద ద వత్తు పడిపోతా ఉంది, ఏం చేసేది?

పొల్లు తర్వాత వెంటనే ఇంకో హల్లు కొడితే తెలుగు లిపి దాన్ని వత్తు చేసేస్తుంది, రమేష్ది అని వస్తుంది, చదవను కష్టం. రెండిటి మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, కొన్ని తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక కీ ఇచ్చి ఉంటారు, అది కొట్టి ది కొడితే విడిగా నిలబడుతుంది. మీ కీబోర్డులో అది లేకపోతే సరిగ్గా వచ్చిన మాట ఒకటి కాపీ చేసి ఫోన్లో దాచిపెట్టుకోండి, లేదంటే "రమేష్ వాళ్ళది" అని రాయండి, బండి ఇంట్లో అందరిదీ అయితేనే.